మంచం కోళ్లు తడి తాగుతాయి



ఈ సాయంత్రం మంచం గురించి మాట్లాడుకుందాం. మంచం గురించి ఏముంది అనుకోకండి. మన ఇళ్లలో కొయ్య సామాను ఎంత ఉంటుంది? ఒక మంచం, ఒక బల్ల, రెండు పీటలు. ఆ మంచం మీదే బాలింత పడుకుంటుంది. ముసలాయనా పడుకుంటాడు. అది పుచ్చిపోతే మళ్లీ కొనడానికి ఎన్ని రోజుల కూలి కావాలో మీకే తెలుసు.

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో కొన్న మంచం ఇంట్లో వేసుకోవడానికి చేసింది. ఎండాకాలం గాలి కోసం దాన్ని వాకిట్లో వేస్తాం. తప్పేం లేదు. వానలు మొదలైనా అది అక్కడే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

మనది కొల్లేటి పక్క నేల. తమ్మిలేరు, బుడమేరు నీళ్లు కొల్లేటిలోకే వస్తాయి. అక్కడి నుంచి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్లు మునిగాయి కదా! ఆ నీరూ ఇటే వచ్చింది. లంక ఊళ్లలో వరద నీరు తీశాక కూడా నేల చెమ్మ తొందరగా ఆరదు.

కొయ్య ఒకప్పటి చెట్టు. చెట్టులో వేరు నుంచి ఆకుకు నీరు ఎక్కే సన్నని గొట్టాలుంటాయి. చెట్టును నరికినా అవి అలాగే ఉంటాయి. మంచం కోడు అడుగున వాటి నోళ్లు తెరుచుకుని ఉంటాయి. తడి నేల మీద పెడితే తాగుతూనే ఉంటాయి.

తేమ. రెండే అక్షరాలు. కొయ్యను తినేది ఇదే అనుకుంటాం. నిజానికి తినేది బూజు. దానికి తడీ కావాలి, గాలీ కావాలి. పశువుల పాక గుంజ చూడండి. నేల మట్టం దగ్గరే పుచ్చుతుంది. పైన ఆరిపోతుంది. లోతున గాలి ఆడదు. మధ్యలో రెండూ దొరుకుతాయి. చెదకు కూడా తడిసిన కొయ్య ఇష్టం.

మరి ఏం చేయాలి? మంచాన్ని తిరగెయ్యండి. కోళ్ల అడుగులు బాగా ఆరాక రంగు గానీ తారు గానీ రెండు మూడు సార్లు పూయండి. ఒక పూత ఆరాకే ఇంకోటి. కోడు కింద నాపరాయి ముక్క పెట్టండి. ఇటుక కూడా తడి పీలుస్తుంది. పాత ఇంజను ఆయిలు పూయమని కొందరు చెబుతారు. పడుకునే మంచానికి వద్దు, ఒంటికి మంచిది కాదు.

పట్టెలకు అవిసె నూనె రాయొచ్చు. కానీ ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది! బయట పరిచి ఆరెయ్యండి.

వరదలో మంచం తడిసిందా? ముందు బురద కడగండి. నులక తడిస్తే బిగుసుకుని పట్టెలను లాగుతుంది. సడలించండి. ఎర్రటి ఎండలో పెట్టకండి. పైపొర ముందే ఆరి ముడుచుకుంటుంది, లోపల తడే ఉంటుంది, కొయ్య పగులుతుంది. గాలి తగిలే నీడలో మెల్లగా ఆరాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే పైన మాత్రమే కప్పండి. చుట్టూ కట్టేస్తే లోపల చెమ్మ పోదు.

ఇక చెక్కపొట్టు అదిమి చేసిన బల్లలు. చూడటానికి నున్నగా ఉంటాయి. తడిస్తే ఉబ్బుతాయి, ఆరినా అణగవు. వాటిని వసారాలో కూడా పెట్టకండి.

ఇప్పుడు మీరు చెప్పండి. ఎవరింట్లో మంచం కోడు ఊగుతోంది?