సర్వసమాజమంటే అందరూ

(ఏర్గట్లలో శ్రీరామనవమి ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



సీతారాముల కల్యాణం కన్నులారా చూసి, తలంబ్రాలు కళ్ళకద్దుకొని కూర్చున్న మీతో ఒక బరువైన విషయం మాట్లాడదలచాను. మంగళ సమయంలో ఈ ప్రస్తావన ఎందుకని అనుకోవద్దు. రాముని ఎదుట చెప్పుకోలేనిది మరెక్కడ చెప్పుకుంటాము?

మన జిల్లా పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. కొన్నిచోట్ల సర్వసమాజ్ అంటారు. వివిధ కులాల పెద్దలు కూర్చొని ఊరి మంచిచెడ్డలు చూస్తారు. వీటివలన జరిగిన మేలును నేను కాదనను. నిజామాబాద్ నగరంలో ఏటా ఆషాఢంలో ఊర పండుగను నడిపేది సర్వసమాజ్ కమిటీయే. అక్కడ వడ్రంగులు చెక్కిన గ్రామదేవతల మూర్తులను జనమంతా కలిసి ఊరేగిస్తారు. ఐకమత్యమంటే అది.

కానీ అడిగిన సొమ్ము ఇవ్వలేదనో, తీర్పుకు తలవంచలేదనో ఒక కుటుంబాన్ని, ఒక్కొక్కసారి ఒక కులాన్నే వెలివేసిన సంఘటనలు కూడా మన జిల్లాలోనే జరిగాయి. 2025 శ్రీరామనవమి నాడు మన మండలంలోని తాళ్ళరాంపూర్‌లో గౌడ మహిళలను రామాలయంలోకి రానివ్వలేదన్న వార్త పత్రికలలో వచ్చింది. తప్పొప్పులు తేల్చవలసింది చట్టం. నేను అడిగేది ఒక్కటే: మనుషుల తగవుకు దేవుని గడపను ఎందుకు అడ్డం పెట్టాలి?

వెలి అంటే ఏమిటో తెలియనివారు ఇక్కడ లేరు. దుకాణంలో ఉప్పు పుట్టదు. పొలానికి కూలీలు రారు. పలకరించినవారికీ జరిమానా. అన్నీ ఉన్నవాడు పట్నం వెళ్ళి బ్రతుకుతాడు. రెక్కలే ఆస్తి అయినవాడు ఎక్కడికి పోతాడు? అందుకే వెలి అందరిమీదా ఒకే బరువుతో పడదు. పేదవాని మీదే అధికంగా పడుతుంది.

ఒక తప్పు ఒప్పుకుంటాను. చాలా ఏళ్ళ క్రితం అటువంటి ఒక కూటమిలో నేనూ కూర్చున్నాను. ఒక ఇంటిని వెలివేస్తూ తీర్మానించారు. అన్యాయమని తెలుసు. నోరు విప్పితే నా ఇంటికీ అదే గతి పడుతుందని భయపడి మౌనం వహించాను. మరునాడు ఆ ఇంటి వృద్ధురాలు కొబ్బరికాయను గుడి బయటి మెట్టుమీద పెట్టి, దూరం నుండే దండం పెట్టుకొని వెళ్ళిపోయింది. ఆనాటి నుండి నేను ఎన్ని ప్రదక్షిణలు చేసినా ఆ మెట్టు దగ్గర నా అడుగు తడబడుతూనే ఉంది.

మనం కొలిచే రాముడు ఏమి చేశాడు? నిషాదుడైన గుహుని కౌగిలించుకున్నాడు. శబరి ఆతిథ్యం స్వీకరించాడు. శ్రీరంగంలో తిరుప్పాణాళ్వారును లోకసారంగముని తన భుజాలపై మోసుకొని స్వామి సన్నిధికి చేర్చాడని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. దానిని స్మరిస్తూ 2018లో హైదరాబాద్ జియాగూడ రంగనాథాలయంలోకి చిలుకూరు అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుని భుజాలపై మోసుకొని వెళ్ళారు. మన రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 25వ అధికరణం హిందూ ఆలయాలను హిందువులలోని అన్ని వర్గాలకూ తెరిచే చట్టాలకు అవకాశమిచ్చింది. ధర్మమూ చట్టమూ ఇక్కడ ఒకే మాట చెబుతున్నాయి.

కమిటీ పెద్దలకు నా విన్నపం: చందాలు సేకరించండి, చెరువులు బాగుచేయండి, ఉత్సవాలు జరపండి. తగవు వస్తే న్యాయస్థానానికి వెళ్ళండి. వెలి అనే మాటను మాత్రం మీ తీర్మానాల పుస్తకం నుండి తుడిచివేయండి. మిగిలిన మనకు: అటువంటి తీర్మానం జరిగిననాడు ఒక్కరైనా లేచి కాదనాలి. ఆ ధైర్యం చాలకపోతే, ఆ ఇంటికి వెళ్ళి కూర్చొని మంచినీళ్ళు అడిగి త్రాగాలి.

ఈనాడు అమ్మవారికి అలంకరించిన పసుపును చూడండి. నాటినవారు, త్రవ్వినవారు, ఉడకబెట్టినవారు, ఎండబెట్టినవారు ఎన్ని ఇళ్ళవారో! అమ్మ ఏ చేతినీ వేరుచేయలేదు. అందరి శ్రమనూ తన మోముపై ధరించింది. ఆ చేతులవారందరూ గుడిలో ఉన్ననాడే మనది సర్వసమాజం.

స్వస్తి.