తాళం తీసిన గది
(వజ్రోత్సవానంతర ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



డెబ్బయి ఐదేళ్ల పండుగనాడు ఘనతలు చెప్పుకోవడం ఆచారం. నేను ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పుకుంటాను. బాధ్యతలు స్వీకరించిన తొలి రోజుల్లో కంప్యూటరు గదికి తాళం వేసి ఉంచాను. యంత్రాలు చెడిపోతాయని నా భయం. పిల్లలు చెప్పులు విడిచి, గుడ్డ కప్పిన పెట్టెలను చూసి వచ్చేవారు. పాఠం నల్లబల్లపై నిర్వచనాలుగా సాగేది. వాణిజ్యశాస్త్రం మాటా అంతే.

పదో తరగతి బాలిక ఒకతెను ప్లస్ వన్‌లో ఏ విభాగం తీసుకుంటావని అడిగాను. ఆమె తల్లి హోసూరు సంతలో పూలమ్ముతుంది. నోటిలెక్కలో ఆమెను మించినవారు తరగతిలో లేరు. "కంప్యూటరు, కామర్సు ఇంగ్లీషు పిల్లల చదువులు కదా టీచర్" అన్నది. ఆ మాటకు నా వద్ద సమాధానం లేకపోయింది.

మరుసటి వారం పూలబుట్టనే పాఠంగా తీసుకున్నాం. పూలు కొన్నది 1,200 రూపాయలకు, ఆటో కిరాయి 100, దారం 20. అమ్మకం మొత్తం 1,500. అందులో 250 అరువు. లాభమెంత? 180. మరి చేతికి వచ్చిన సొమ్ము? 1,250 మాత్రమే, పెట్టిన ఖర్చుకన్నా 70 తక్కువ. లాభం వచ్చినా చేతిలో డబ్బు ఎందుకు లేదన్న ప్రశ్నతో తరగతి అంతా లేచి నిలబడింది. చిట్టా, ఆవర్జా, అంకణా అన్న మాటలు అప్పుడు చెప్పాను. అవసరం తెలిసిన తరువాత వచ్చిన మాటలు గనుక నిలిచిపోయాయి. పై చదువులో ఎదురయ్యే ఇంగ్లీషు పదాలను వాటి పక్కనే రాయించాను.

కంప్యూటరు పాఠానికి తెలుగు ఛందస్సు తోడ్పడింది. లఘువుకు 0, గురువుకు 1 అనుకోండి. న గణం 000, మ గణం 111. రెండు గుర్తులు, మూడు స్థానాలు. అందుకే గణాలు ఎనిమిది. యంత్రం లెక్కించే ద్విసంఖ్యామానం ఇదేనని చెప్పగానే, నాలుగు స్థానాలైతే పదహారని పిల్లలే అందుకున్నారు. తరువాత తాళం తీసి, తెరపై 'అమ్మ' అని రాయించాను. మన కంటికి రెండక్షరాలు. యూనికోడ్ లెక్కలో నాలుగు సంకేతాలు: అ, మ, పొల్లు, మళ్లీ మ. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి ఆరు. ఆనాడు గంట కొట్టినా పిల్లలు గది విడిచి కదలలేదు. ఒక కీబోర్డు చెడింది; బాగు చేయించాం. నేను భయపడినంత నష్టం అదే.

ఆ బాలిక వాణిజ్య విభాగంలో చేరింది. అందరూ చేరాలని నా కోరిక కాదు. తనకు అందదనుకొని ఏ బిడ్డా ఒక చదువుకు దూరం కాకూడదు. సరిహద్దు ఊళ్లలో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు ఈ సంకోచం మరింత ఎక్కువ. పైతరగతుల్లో భాష మారే మాట నిజమే. మాతృభాషలో విషయం పట్టుబడిన పిల్లలకు అప్పుడు నేర్చుకోవలసింది కొత్త పదాలే.

తల్లిదండ్రులకు నా విన్నపం: మీ అంగడి లెక్కల పుస్తకం రోజుకొక పావుగంట పిల్లల చేతికివ్వండి. మగపిల్లవాడికే కాదు, ఆడపిల్లకూ ఇవ్వండి. పూర్వ విద్యార్థులారా, బ్యాంకుల్లో, కర్మాగారాల్లో, కంప్యూటరు సంస్థల్లో పనిచేస్తున్నవారు మీలో ఉన్నారు. విరాళాలకు కృతజ్ఞులం. అంతకన్నా, ఏడాదికి ఒక్క పూట వచ్చి, మీరు చేసే పని ఏమిటో మన తెలుగులో ఈ పిల్లలకు చెప్పండి. ఇదే బల్లలపై కూర్చున్నవారు చెబితే వారు నమ్ముతారు.

ఆ గది తలుపులు ఇప్పుడు బడి వేళల్లో తెరిచే ఉంటాయి. సభ ముగిశాక దయచేసి ఒకమారు లోపలికి రండి. చెప్పులు విడవనక్కరలేదు.

సెలవు.