కోరేగావ్ రాయి ఎవరి జ్ఞాపకం?



జనవరి 1న మనం కొత్త సంవత్సర ఆరాధన ముగించుకుని కేకు పంచుకునే వేళకు, పూణే దగ్గర భీమా నది ఒడ్డున లక్షలమంది దళితులు ఒక రాతిస్తంభం ముందు నిలబడి ఉంటారు. మహారాష్ట్రలో తరాలుగా బతుకుతున్న తెలుగు సంఘాలం మనం. అది మన పొరుగువారి పండుగ.

1818లో అదే రోజున కోరేగావ్‌లో ఈస్టిండియా కంపెనీ దళం, సుమారు 800 మంది, తమకన్నా ఎన్నో రెట్లున్న పీష్వా రెండో బాజీరావు సైన్యాన్ని నిలువరించింది. తర్వాత కంపెనీయే తన గొప్ప కోసం ఆ స్తంభం కట్టించింది. దానిమీద చనిపోయినవారి పేర్లు 49. వాటిలో 22 మహార్లవి. పేరు చివరి ‘నాక్’ను బట్టి తెలుస్తుంది.

“తెల్లవాడి గెలుపుకి దండ వేస్తారా? ఇది దేశద్రోహం కాదా?” అని మన పిల్లల్ని కాలేజీల్లో అడుగుతున్నారు. సూటి ప్రశ్నే, దాటవేయవద్దు. పీష్వాల పూణేలో అంటరానివాడు వీధిలో నడవాలంటే మెడలో కుండ, నడుముకి చీపురు కట్టుకోవాల్సి వచ్చేదని అంబేడ్కర్ రాశారు. ఉమ్మి నేలమీద పడకూడదు, అడుగుజాడ మిగలకూడదు. ఆ మనిషి ఏ దేశానికి ద్రోహం చేశాడు?

అలాగని కంపెనీని విమోచకుణ్ణి చేయలేం. అది రాజ్యం కోసం పోరాడింది, మహార్ల కోసం కాదు. 19వ శతాబ్దం చివర అదే తెల్ల ప్రభుత్వం మహార్లను సైన్యంలో చేర్చుకోవడం మానేసింది. ఆ రాయికి వేరే అర్థం వచ్చింది 1927 జనవరి 1న అంబేడ్కర్ అక్కడికి వెళ్లాకే. మూడు నెలలు తిరగకముందే, మార్చి 20న, ఆయన మహద్ చెరువు నీళ్లు తాగారు.

యెహోషువ యొర్దానులోనుంచి ఎత్తించిన పన్నెండు రాళ్లు గుర్తున్నాయా? ఆ రాళ్లేమిటని పిల్లలు అడిగినప్పుడు దాటి వచ్చినవారే చెప్పాలి, ఒడ్డున నిలబడి చూసినవారు కాదు. 1878లో ఒంగోలు ప్రాంతంలో వేలాదిగా బాప్తిస్మం పొందిన మాదిగలను కరువులో అన్నానికి అమ్ముడుపోయారన్నారు. ఆ మాట ఇప్పటికీ మనల్ని గుచ్చుతుంది. అలాంటి మాటే మన పొరుగువారిని అంటుంటే మనం ఊరుకోవచ్చా?

2018లో, ఇన్నూరేళ్ల జ్ఞాపకదినాన, అక్కడ రాళ్లు పడ్డాయి, బళ్లు తగలబడ్డాయి, ఒక యువకుడు చనిపోయాడు. భయం ఉంటుంది. అయినా వచ్చే జనవరి 1న ఆరాధన కాగానే వెళదాం. కరపత్రాలు వద్దు, సంఘం బ్యానరు వద్దు. ఎవరైనా అడిగితే మంచినీళ్లిద్దాం. స్తంభం దగ్గర ఆ 22 పేర్లతో ఆగకుండా 49 పేర్లూ చదువుదాం.