కత్తిరించిన ముక్క

2018లో ఒక వీడియో వాట్సాప్‌లో ఊరూరా పాకింది. అందులో బైకు మీద వచ్చినవాళ్లు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో బాబును తిరిగి దింపేసి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ ముక్కే కత్తిరించేశారు. ఇలాంటి వదంతులు నమ్మి మన దేశంలో జనం అమాయకులను కొట్టి చంపారు. ఎంత ఘోరం!

జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను పల్లెలకు పంపి, ఇలాంటి వదంతులు నమ్మవద్దని జానపద పాటలతో ప్రచారం చేయించారు.

మీకూ ఇలాంటి వీడియో వస్తే అడగండి: ఇది ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు, మిగతా భాగమేది? ఈ ప్రశ్నలకు జవాబు దొరకని వీడియోను దయచేసి ఎవరికీ పంపకండి. ఎవరి మీదైనా అనుమానం కలిగితే 112కు ఫోన్ చేయండి.