కొలిచి వ్రాసినదే గుర్తింపు: హోసూరు విద్యార్థి, డిజిటల్ విద్య, సుస్థిర జీవనం

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదు సంవత్సరాలు ఒక పాఠశాల నిలబడడం సామాన్య విషయం కాదు. అందునా మూడు భాషలు కలిసే సరిహద్దు సీమలో తెలుగు మాధ్యమ పాఠశాల నిలబడడం మరీ విశేషం. ఈ ఆనంద సమయంలో కూడ ప్రతి తల్లి, ప్రతి తండ్రి మనస్సులో ఒక ప్రశ్న మెదలుతూనే ఉంటుంది. "మా బిడ్డ తెలుగులో చదివి రేపు ఏమవుతాడు? ఏ పని చేస్తుంది?" అన్నదే ఆ ప్రశ్న. దీనికి సాధారణంగా వినవచ్చే సమాధానం రెండు మాటలలో ముగుస్తుంది: కంప్యూటరు, ఇంగ్లీషు. ఈ రెండూ అవసరమే. అయితే కంప్యూటరుతో ఏమి చేయాలి, ఎవరికోసం చేయాలి అన్నది తేలనిదే ఆ సమాధానం సగమే అవుతుంది. తక్కిన సగాన్ని మన నేల, మన నీరు చెప్పగలవు.

హోసూరు మారిన తీరును పెద్దలందరూ ఎరుగుదురు. 1970వ దశకంలో ఇక్కడ సిప్కాట్ పారిశ్రామికవాడ వెలసింది. 1980వ దశకంలో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ సంస్థల కర్మాగారాలు ఈ ప్రాంతానికి కొత్త రూపు తెచ్చాయి. 2004లో ధర్మపురి నుండి విడివడి కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. ఇటీవల విద్యుత్ వాహనాల యుగం ఆరంభమైంది. టీవీఎస్ వారి ఐక్యూబ్ స్కూటరు 2020లో విడుదలైంది. 2021లో ఏథర్ కర్మాగారం హోసూరులో పని ప్రారంభించింది. అదే ఏడు పోచంపల్లి వద్ద ఓలా వారి కర్మాగారం రూపుదిద్దుకొని, అక్కడి ఉత్పత్తిని మహిళల చేతికే అప్పగిస్తామని సంస్థ ప్రకటించింది. పొగ విడువని బండి మన ఊరిలో తయారవుతున్నదన్నది గర్వించదగిన విషయమే.

అదే ఊరి అంచున మరొక దృశ్యం ఉంది. నందికొండలలో పుట్టిన దక్షిణ పినాకిని, తమిళులు తెన్పెన్నై అని పిలిచే నది, బెంగళూరు పరిసరాలను దాటి మన కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. దారిలో బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా వచ్చే మహానగరపు మురుగునీరు అందులో కలుస్తుంది. బెళ్లందూరు చెరువు 2015లోను, ఆ తరువాత 2017, 2018 సంవత్సరాలలోను మంటలకు గురి కావడం దేశమంతా చూసింది. ఆ నీరే దిగువకు వచ్చి, కెలవరపల్లి గేట్లు ఎత్తినప్పుడు తెల్లని నురుగుగా పొంగి, పొలాల అంచులకు, దారులమీదికి వచ్చిన సందర్భాలు అనేకం. దీనికి కారణం విజ్ఞాన శాస్త్ర పాఠంలోనే ఉంది. సబ్బులలోను, బట్టలుతికే పొడులలోను ఉండే పదార్థాలు నీటి తలతన్యతను తగ్గిస్తాయి. అటువంటి నీరు ఎత్తునుండి దూకినప్పుడు గాలి అందులో చిక్కి నురుగు కడుతుంది. ప్రతి ఇంటి బకెట్టులో జరిగే చర్యే నదిలో జరుగుతున్నది. తేడా పరిమాణంలోనే ఉంది.

సుస్థిరత అన్న మాటకు అర్థం ఈ రెండు దృశ్యాల నడుమ ఉంది. నేటి తరం తన అవసరాలు తీర్చుకుంటూ, రాబోయే తరం తన అవసరాలు తీర్చుకొనే శక్తిని దెబ్బతీయకుండ జీవించడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో ఐక్యరాజ్య సమితి నియమించిన బ్రుంట్లాండ్ సంఘం నిర్వచించింది. 2015లో ప్రపంచ దేశాలు పదిహేడు లక్ష్యాలను ఆమోదించి, 2030 నాటికి వాటిని సాధించాలని సంకల్పించాయి. లక్ష్యాలు న్యూయార్కులో వ్రాసినా, నీళ్లు కొలవవలసింది మాత్రం ఊరి బావి దగ్గరే.

అలా కొలిచినవారు మన పొరుగుననే ఉన్నారు. కృష్ణగిరికి ఆనుకొని ఉన్న చిత్తూరు, ఆపై అనంతపురం మొదలుకొని అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాలలో, 2003 నుండి కొన్నేళ్లపాటు రైతులే భూగర్భ జలాలను పర్యవేక్షించుకొనే పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ అందుకు అండగా నిలిచింది. రైతులు, రైతు మహిళలు వర్షమాపకం చూచి వాన లెక్క వ్రాశారు. బావులలో నీటిమట్టం ఎంత లోతున ఉన్నదో కొలిచారు. ఆ అంకెలను అందరికీ కనిపించేలా ఊరి మధ్య బోర్డుమీద పెట్టారు. రబీ పంటకు ముందు అందరూ కూర్చుని, భూమిలో ఎంత నీరు ఉంది, వేయదలచిన పంటలకు ఎంత నీరు కావాలి అని బడ్జెట్టు వేసుకున్నారు. ఈ పంటే వేయాలని ఎవరూ వారిని శాసించలేదు. లెక్క కళ్లెదుట ఉన్నందున పలువురు తమంతట తామే వరిని తగ్గించి, తక్కువ నీరు త్రాగే పంటలవైపు మొగ్గారు. ఊరి నీరు ఊరివారికే తెలిసిన అంకెగా మారినప్పుడు కలిగే బలం అది.

రెండవ ఉదాహరణ తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతానిది. అక్కడ 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నీడలో దళిత మహిళలు సంఘాలుగా కూడి, బంజరు నేలలలో జొన్న, కొర్ర, సామ వంటి పంటలను, వాటి విత్తనాలను తిరిగి నిలబెట్టారు. వారిలో కొందరు వీడియో కెమెరా చేతబట్టారు. పాఠశాల మెట్లెక్కని స్త్రీలు చిత్రీకరణ, కూర్పు నేర్చుకున్నారు. వరంగల్లు ప్రాంతపు పత్తి రైతుల కష్టనష్టాలను సంవత్సరాల తరబడి అనుసరించి చిత్రాలుగా రూపొందించారు. 2008 అక్టోబరు 15న మాచనూరు గ్రామం నుండి సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. గ్రామీణ మహిళలు తమకై తాము నడుపుకొనే రేడియోగా అది దేశంలో పేరుగాంచింది. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఆ మహిళల పనిలో ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటి ఉంది. కెమెరాను మనిషి కంటి ఎత్తులో, ఎదుటివారికి సమానంగా నిలిపి తీసే దృశ్యానికి వారు "సంఘం షాట్" అని పేరు పెట్టుకున్నారు. సంఘంలో అందరూ ఒకే నేలమీద కూర్చుంటారు కనుక ఆ పేరు. యంత్రం ఎక్కడినుండో వచ్చింది. దానికి పేరు మాత్రం వారి జీవితం నుండి వచ్చింది. సాంకేతిక విద్య మాతృభాషలో ఒదగదని భయపడేవారికి ఇంతకంటె మంచి జవాబు దొరకదు.

పై రెండు ఉదాహరణలలోను వరుస ఒక్కటే. ముందు తమ ఊరి అవసరం, పిదప దానిని చూడడం, కొలవడం, ఆపైన సాధనం. ఈనాడు పెక్కుమంది విద్యార్థులు ఈ వరుసను తలక్రిందులు చేస్తున్నారు. ముందు ఫోను, తరువాత నాలుగు ధ్రువపత్రాలు, చివరకు "ఇప్పుడేమి చేయాలి?" అన్న ప్రశ్న.

హోసూరు విద్యార్థి ఈ వరుసను సరిదిద్దుకోవడానికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. వానతోనే మొదలుపెట్టవచ్చు. ఒక చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగా ఒక లీటరు నీరు. నూటయాభై చదరపు మీటర్ల మిద్దెపై ఇరవై మిల్లీమీటర్ల వాన కురిస్తే మూడువేల లీటర్లు. ఈ గుణకారం ఆరవ తరగతి విద్యార్థికీ వచ్చును. ప్రతిదినం ఒకే వేళకు వర్షమాపకం చూచి, తేదీతో సహా నోటుపుస్తకంలో వ్రాసి, వారాంతంలో కంప్యూటరులోని స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి, నెలకొక రేఖాచిత్రం గీస్తే, ఏడాది తిరిగేసరికి ఆ విద్యార్థికి పట్టికలు, సూత్రాలు, సగటులు వాటంతట అవే వశమవుతాయి. పాఠశాల మిద్దెమీది నీరు ఎక్కడికి పోతున్నదన్న ప్రశ్న కూడ తప్పక పుడుతుంది.

రెండవది చెట్టు. కృష్ణగిరి మామిడికి పేరు మోసిన సీమ. ఒక మామిడిచెట్టును ఎంచుకొని, వారం వారం చిగురు, పూత, పిందె, కాయ ఏ స్థితిలో ఉన్నవో నమోదు చేయవచ్చు. ఇటువంటి పరిశీలనలను దేశమంతటా పాఠశాల పిల్లలనుండి సేకరించే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. పూత ఏ యేడు ముందుగా వచ్చింది, ఏ యేడు ఆలస్యమైంది అన్న విషయం రైతుకు, శాస్త్రవేత్తకు సమానంగా విలువైనది.

మూడవది చెరువు. రామనాయకన్ చెరువు విస్తీర్ణం ఏ కాలంలో ఎలా మారిందో, ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్ ఉపగ్రహ పటాలను ముందుంచుకొని పరిశీలించవచ్చు. కెలవరపల్లి నీటిని మాత్రం పిల్లలు చేతితో తాకరాదు. ఉపాధ్యాయుని వెంట, సురక్షిత స్థలంనుండి, తేదీ, వేళ, స్థలం తెలిసేలా ఛాయాచిత్రం తీస్తే చాలును. నీటి నాణ్యత పరీక్షల వివరాలు కావలెనంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం పౌరులకు దారి చూపుతుంది. ఆ అర్జీ వ్రాసే పద్ధతిని పెద్దల సహాయంతో పిల్లలు నేర్చుకోవచ్చు.

నాలుగవది భాష. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైంది. హోసూరు చెరువులు, గ్రామాలు, చంద్రచూడేశ్వరుని కొండ, 1878లో తొరపల్లిలో జన్మించిన రాజాజీ వంటి విషయాలపై ఆధారాలతో తెలుగులో వ్రాయడం, ఉన్నదానిని సరిదిద్దడం విద్యార్థికి గొప్ప శిక్షణ. చెప్పిన ప్రతి మాటకు ఆధారం చూపవలసిన చోట వ్రాయడం నేర్చినవారికి ఉద్యోగంలో నివేదిక వ్రాయడం బరువనిపించదు.

ఇక వృత్తిపరమైన గుర్తింపు సంగతి. గుర్తింపు అనగా సామాజిక మాధ్యమంలో పేరు ప్రక్కన పెట్టుకొనే బిరుదు కాదు. "ఈ అమ్మాయి మూడేళ్లు ఒక్క వారం కూడ తప్పకుండ ఈ లెక్క వ్రాసింది" అని పదిమంది చెప్పగలగడమే గుర్తింపు. అందుకు నియమాలు కొన్నే. ఏమి కొలిచారో, ఎలా కొలిచారో వ్రాయాలి. కొలవని రోజున గడి ఖాళీగా ఉంచాలి; ఊహించి నింపరాదు. ఇతరుల ఛాయాచిత్రాలను అనుమతి లేక ప్రకటించరాదు. తన ఇంటి చిరునామా, ఫోను నంబరు బయట పెట్టరాదు. అడిగిన క్షణంలో వ్యాసం వ్రాసి ఇచ్చే కృత్రిమ మేధా యంత్రాలు నేడు అందరి చేతికీ వచ్చాయి. అవి వాక్యాన్ని సరిదిద్దవచ్చునేమో గాని, నిన్న ఉదయం మన పెరటిలో ఎంత వాన కురిసిందో వాటికి తెలియదు. అది కొలిచిన బిడ్డకే తెలుసు. ఆ బిడ్డ విలువ అక్కడే ఉంది.

ఈ విద్యకు బ్రతుకుతెరువు ఉందా అని తల్లిదండ్రులు అడగడం న్యాయం. ఉంది. సెబీ నిబంధనల ప్రకారం 2022-23 ఆర్థిక సంవత్సరం నుండి మార్కెట్ విలువలో తొలి వేయి నమోదిత కంపెనీలు తాము వాడిన నీరు, విద్యుత్తు, విడిచిన వ్యర్థాల లెక్కలను ఏటేటా ప్రకటించవలసి ఉంది. ఆ లెక్కలు సేకరించేవారు, సరిచూసేవారు కావాలి. 2001 ఇంధన పొదుపు చట్టం ననుసరించి ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ, ఎనర్జీ మేనేజర్లకు, ఆడిటర్లకు జాతీయ స్థాయి పరీక్ష నిర్వహిస్తున్నది. సౌరఫలకాలు బిగించేవారు, మురుగు శుద్ధి కేంద్రాలు నడిపేవారు, బ్యాటరీల మరమ్మతు, పునర్వినియోగం తెలిసినవారు అవసరం. మన పిల్లలు ఆ కర్మాగారాల గేటు లోపల బిగింపు పనికే పరిమితం కావాలా, లేక అక్కడి నీటి లెక్క, విద్యుత్తు లెక్క అడిగే స్థానానికి కూడ చేరాలా అన్నది ఈ పదేళ్లలో మనం చేసే పనిని బట్టి తేలుతుంది.

ఈ విషయంలో హోసూరు బిడ్డకు ఒక సహజ సంపద ఉంది. ఇంట తెలుగు, 2006 చట్టం మేరకు బడిలో తమిళం, సంతలో కన్నడం, పాఠ్యాంశంగా ఇంగ్లీషు. ఎగువన కన్నడ రైతుతో, దిగువన తమిళ రైతుతో నదిని గురించి వారి భాషలోనే మాట్లాడగలవాడు ఏ కార్యాలయానికైనా అక్కరకు వస్తాడు. దీనిని భారమని తలచిన కాలం పోవాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను కొడుకు చేతికే పోయి, కూతురు వంటింటి పనితో సరిపెట్టుకొనే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. చదువురాని జహీరాబాదు మహిళలు కెమెరా పట్టగలిగినప్పుడు, పదవ తరగతి చదివిన మన ఆడపిల్లకు వారానికి రెండు గంటలు కంప్యూటరు ముందు కూర్చొనే హక్కు లేదనడం ఎలా?

ఉపాధ్యాయులకు మనవి: కంప్యూటరు గదిని సైన్సు, గణితం, తెలుగు పాఠాలతో ముడిపెట్టండి. పూర్వ విద్యార్థులకు మనవి: జూబిలీ కానుకగా గోడమీద పేరు చెక్కించే రాయితోపాటు ఒక వర్షమాపకాన్ని, వాడుకలో లేని మీ కంప్యూటరును, మీ పని అనుభవం నుండి నెలకొక గంటను ఈ పాఠశాలకు ఇవ్వండి.

రాబోయే జూన్ నుండి ఒక్కొక్క తరగతి ఒక్కొక్క లెక్కను తీసుకొని, పై తరగతికి పోయేటప్పుడు ఆ పుస్తకాన్ని క్రింది తరగతికి అప్పగిస్తూ పోతే, ఈ పాఠశాల శతజయంతి నాటికి హోసూరు వానకు, చెట్టుకు, చెరువుకు ఇరవై ఐదేళ్ల తెలుగు చరిత్ర సిద్ధమై ఉంటుంది. ఆ చరిత్ర వ్రాసిన చేతులకు పని వెదుక్కోవలసిన అగత్యం ఉండదు.