ఆకలికి జెండా లేదు
(అహోబిలంలో చేసిన స్మారకోపన్యాసం)



మాస్టారి పేరిట జరిగే ఈ సభలో కమ్యూనిస్టు నియంతల గురించి మాట్లాడతానంటే కొందరు నొచ్చుకున్నారు. జీవితాంతం ఎర్రజెండా మోసిన మనిషి కదా అన్నారు. నిజమే. 1952 రాయలసీమ కరువులో గంజి కేంద్రం దగ్గర గరిటె పట్టిన మనిషి కూడా ఆయనే. ముందు పిల్లలకు, తర్వాత ముసలివాళ్లకు, అడుగున మిగిలితే తనకు. ఆకలి గురించి నిజం చెబితే ఆయన నొచ్చుకోరు.

హిరణ్యకశిపుణ్ని చీల్చడానికి నరసింహుడు వెలువడిన ఉగ్రస్తంభం ఉన్న ఊరిది. హిరణ్యకశిపుడు సోమరి కాడు, ఒంటి మీద పుట్టలు లేచేదాకా తపస్సు చేసినవాడు. ఈ నియంతలూ అంతే. స్టాలిన్ కుర్రతనంలో జార్జియన్ భాషలో కవిత్వం రాశాడు, జారు కాలంలో సైబీరియా ప్రవాసం అనుభవించాడు. మావో కూడా కవే, లాంగ్ మార్చ్ నడిచినవాడు. పోల్ పాట్ మెత్తగా మాట్లాడే బడిపంతులు. వీళ్లెవరూ రాక్షసులై పుట్టలేదు. తాము పడ్డ కష్టాన్ని వరమనుకున్నారు. ఇక తమ మాటకు ఎదురుండకూడదనుకున్నారు. తపస్సు అక్కడే చెడింది.

హిరణ్యకశిపుడికి మొదట కంటగింపైనవాడు సొంత కొడుకు ప్రహ్లాదుడు. స్టాలిన్ చేతిలోనూ సొంతవాళ్లే బలయ్యారు. 1934 పార్టీ మహాసభ ఎన్నుకున్న కేంద్ర కమిటీలో 139 మంది ఉంటే, అందులో 98 మందిని కాల్చి చంపారని 1956లో ఆ పార్టీ అధినేత క్రుశ్చేవే బయటపెట్టాడు.

ఆ తుపాకులకు బలైనవాళ్లలో మన హైదరాబాదు బిడ్డ ఒకడున్నాడు. సరోజినీ నాయుడు తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ. 1880లో హైదరాబాదులో పుట్టాడు, తెలుగు బాగా వచ్చినవాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బెర్లిన్‌లో కూర్చుని తెల్లదొరల మీద పోరు నడిపాడు. బ్రిటిష్ గూఢచారులు ఏళ్ల తరబడి వెంటాడినా దొరకలేదు. ఆఖరికి శ్రామికరాజ్యమని నమ్మి సోవియట్ నేలకు చేరి, లెనిన్‌గ్రాడ్‌లో జాతుల అధ్యయన సంస్థలో పనికి కుదిరాడు. 1937 జూలైలో అరెస్టు చేశారు. ఆగస్టు చివర మాస్కోలో ఒక జాబితా తయారైంది. వరుసగా పేర్లు, కింద స్టాలిన్, అనుచరుల సంతకాలు. అలాంటి జాబితాలు మొత్తం 383. సెప్టెంబరు 2న వీరేంద్రనాథ్‌ను కాల్చేశారు. సామ్రాజ్యం చేయలేని పని సంతకంతో అయిపోయింది.

ఇక సీమవాళ్లకు బాగా తెలిసిన సంగతికి వస్తాను. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు మన జనం రాలిపోతుంటే దొరలు ధాన్యాన్ని ఓడలకెక్కించారు. ఆ పాపాన్ని మనం క్షమించలేదు, క్షమించకూడదు. 1932-33లో ఉక్రెయిన్‌లో స్టాలిన్ ప్రభుత్వమూ అదే పాపం చేసింది, గింజలు ఊడ్చుకుపోయింది. ఉమ్మడి పొలంలో వెన్నులు ఏరుకున్నవాళ్లకు కూడా జైలే. ఎగుమతులు మాత్రం ఆగలేదు. వాన లేకపోతే మన రైతు మూట కట్టుకుని వలస పోతాడు. అక్కడ 1933 జనవరిలో స్టాలిన్, మొలటోవ్ సంతకాలతో ఆ వలస దారి కూడా మూసేశారు. ముప్పై లక్షల మందికి పైగా చనిపోయారు. 1937 జనాభా లెక్కల్లో మనుషులు అనుకున్నంత మంది లేరని తేలేసరికి, ఆ లెక్కలు తీసినవాళ్లనే పట్టుకుపోయారు.

మావో ఏలిన చైనాలోనూ ఇలాంటి కరువే వచ్చింది. 1959లో లూషాన్ సమావేశాల్లో సేనాని పెంగ్ దహువై పల్లెల దుస్థితి గురించి మావోకు ఉత్తరం రాశాడు. ఊళ్లకు గింజలు రాలేదు కానీ అతని పదవి పోయింది. ఆ కరువు కోట్ల మందిని మింగింది. కంబోడియాలో పోల్ పాట్ నాలుగేళ్లలోపే దేశ జనాభాలో అయిదో వంతుకు పైగా బలిపెట్టాడు.

1952లో మన సీమకు గంజి ఎందుకొచ్చింది? పత్రికలు రాశాయి, ప్రతిపక్షం నిలదీసింది. ఆకలి అని అరిచినవాణ్ని ఎవరూ కాల్చలేదు. ఆ అరిచినవాళ్లలో కమ్యూనిస్టులే ముందున్నారు. మాస్టారు గరిటె పట్టగలిగింది ఆ స్వేచ్ఛ వల్లే. ఆయన ఆశయాన్ని గౌరవించేవాళ్లు ఉక్రెయిన్ రైతుకు ఆ స్వేచ్ఛ ఎందుకు లేకపోయిందని అడగాలి. దొర చేస్తే హత్య, కామ్రేడ్ చేస్తే చారిత్రక అవసరం అనే రెండు తూకపురాళ్లు మన దగ్గర ఉండకూడదు.

మన బడుల్లో ప్రహ్లాదుడి కథ చెబుతాం. ఇకనుంచి దాని పక్కన వీరేంద్రనాథ్ కథ కూడా చెబుదాం. ఆ జాబితాలో కలిపేసిన పేరును పిల్లల చేత పలికిద్దాం.