చక్రాల మీద ఎనిమిది అంకె

(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లలకు స్కేటింగ్ నేర్పే పనిలో ఉన్నాను కాబట్టి దాని గురించే నాలుగు మాటలు చెప్పమన్నారు. స్కేటింగ్ అనగానే రోడ్డు మీద వరుసగా దూసుకుపోయే పిల్లలే గుర్తొస్తారు. నేను చెప్పేది వేగం సంగతి కాదు. గీసిన గీత తప్పకుండా ఒంటికాలి మీద సాగే ఫిగర్ స్కేటింగ్ సంగతి.

చక్రాల బూట్ల కథ 1760ల నాటి లండన్‌లో మొదలవుతుంది. జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే ఆవిష్కర్త ఇప్పటి బెల్జియం ప్రాంతంలో పుట్టినవాడు. ఆయన తాను చేసిన చక్రాల బూట్లు తొడుక్కుని, వయొలిన్ వాయిస్తూ ఒక విందుకు వచ్చాడట. ఆగడమూ చేతకాక, తిరగడమూ చేతకాక, పెద్ద నిలువుటద్దాన్ని గుద్దుకున్నాడట. అద్దమూ, వయొలినూ ముక్కలయ్యాయని చెప్పుకుంటారు. నవ్వొచ్చే కథే గానీ, అసలు చిక్కు అందులోనే ఉంది. ఆ బూట్లు తిన్నగా పోగలవు, వంపు తిరగలేవు.

ఆ చిక్కు విప్పడానికి నూరేళ్లు పట్టింది. 1863లో అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ బూటు కింద ముందు రెండు, వెనక రెండు చక్రాలు పెట్టి, ఇరుసులకూ బూటుకూ మధ్య రబ్బరు దిమ్మలు అమర్చాడు. మనిషి ఏ పక్కకు ఒరిగితే చక్రాలు ఆ పక్కకే తిరిగాయి. 1884లో బాల్ బేరింగులు వచ్చి చక్రం తేలికగా తిరగసాగింది. 1924లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1947లో వాషింగ్టన్‌లో ఆర్టిస్టిక్ స్కేటింగ్ తొలి ప్రపంచ పోటీలు జరిగాయి.

ఇక ప్రాథమిక పాఠం. బరువు బొటనవేలి వైపు ఒరిగితే ఇన్‌సైడ్ ఎడ్జ్, చిటికెన వేలి వైపు ఒరిగితే అవుట్‌సైడ్ ఎడ్జ్. ముందుకు రెండు, వెనక్కి రెండు, అంటే ఒక్కో కాలికి నాలుగు. రెండు కాళ్లకూ కలిపి ఎనిమిది. మనకు అక్షరమాల ఎలాగో స్కేటర్‌కు ఈ ఎనిమిదీ అలాగే. గెంతులైనా, గిరికీలైనా వీటిలోంచే పుడతాయి.

మంచు మీద బ్లేడు తన గీత తానే వదిలి వెళ్తుంది. చక్రం అలా వదలదు. అందుకే నేల మీద ముందే వలయాలు గీస్తారు. పెద్దవాళ్లకు వ్యాసం 6 మీటర్లు. రెండు వలయాలు తాకేలా గీస్తే ఎనిమిది అంకె అవుతుంది. కుడికాలితో ఒకటి, ఎడమకాలితో ఒకటి చుట్టి రావాలి. మోకాలు కాస్త వంచి, భుజాలు గీత వైపు తిప్పి, రెండో కాలిని గాల్లో నిలిపి, మధ్యలో మళ్లీ తోపు ఇవ్వకుండా పూర్తిచేయాలి. చూడ్డానికి నెమ్మది, చేయడానికి మహా కష్టం. మంచు స్కేటింగ్ వారు 1990 తర్వాత ఈ ఫిగర్లను అంతర్జాతీయ పోటీల నుంచి తీసేశారు. చక్రాల వారు మాత్రం ఆ తర్వాత కూడా నిలుపుకున్నారు.

ఇదంతా ఎక్కడో విదేశాల ముచ్చట అనుకోకండి. మన హైదరాబాదు యువకుడు అనూప్ కుమార్ యమ 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు. 2015లో అర్జున పురస్కారం అందుకున్నాడు.

నా దగ్గర నేర్చుకునే ఆడపిల్లల్లో చాలామంది తొమ్మిదో తరగతికి రాగానే మానేస్తారు. “పడి మొహానికి దెబ్బ తగిలితే రేపు ఎవరు చేసుకుంటారండీ?” అని తల్లులు అడుగుతారు. నేను మొదటి రోజు నేర్పేది నిలబడడం కాదమ్మా, పడడం అంటాను. తూలగానే మోకాళ్లు వంచి కిందికి దిగాలి, పక్కకు ఒరగాలి, చేతివేళ్లు ముడవాలి. హెల్మెట్, మోకాలి చిప్పలకూ మోచేతులకూ ప్యాడ్లు తప్పనిసరి. పడడం వచ్చిన పిల్ల లేవడానికి భయపడదు.

చివరగా ఒక మనవి. మనం ప్రార్థనకు నిలబడిన సిమెంటు నేలను తవ్వించి, స్వర్ణోత్సవ నిధితో టైల్స్ వేయించాలన్న ఆలోచన ఉందని విన్నాను. చూపుకు బాగుంటుంది, కాదనను. కానీ టైల్స్ అతుకుల్లో చిన్న చక్రం తట్టుకుంటుంది. ఆ నేలను అలాగే ఉంచి, పగుళ్లు పూడ్పించి, నున్నగా చేయిస్తే చాలు. ఎనిమిది అంకెకు కావలసింది 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, చుట్టూ కాస్త ఖాళీ. ఒక మేకు, ఒక తాడు, డబ్బా పెయింటు ఉంటే వలయాలు మనమే గీయవచ్చు. బడి తరఫున కొన్ని జతల స్కేట్లు కొని ఉంచితే, సొంతంగా కొనుక్కోలేని పిల్లలు కూడా వంతులవారీగా నేర్చుకుంటారు. ఆదివారం ఉదయాలు వచ్చి ఉచితంగా నేర్పే బాధ్యత నాది.

కార్యవర్గం నిర్ణయం తీసుకునే ముందు ఒక్కసారి ఆ నేల మీద నడిచి చూడమని కోరుతున్నాను.